ఈ ఏడాదీ అదే కారు

పత్రికలో పూర్తి పేజీ ప్రకటన. పేజీలో పై మూడింట రెండు వంతులు దాదాపు ఖాళీ. ఆ ఖాళీలో ఎడమవైపు, పై మూలకి దగ్గరగా, కొంచెం వాలుగా నిలబడ్డ చిన్న కారు. బొటనవేలు అడ్డం పెడితే కనబడదు. కారు పక్కన వయ్యారంగా ఆనుకుని నిలబడ్డ అమ్మాయి లేదు, వెనకాల బంగళా లేదు, కనీసం కింద రోడ్డు కూడా లేదు. ఫొటో అడుగున, మధ్యలో రెండే రెండు ఇంగ్లిష్ మాటలు, 'థింక్ స్మాల్' అని. వాటి చివర ఫుల్‌స్టాప్. దాని కింద మూడు కాలమ్‌లలో కాస్త మేటరు, మూలన కంపెనీ గుర్తు. అయిపోయింది.

1959లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు కోసం న్యూయార్క్‌లోని డోయల్ డేన్ బర్న్‌బాక్ అనే ఏజెన్సీ మొదలుపెట్టిన వరుసలో అన్నింటికన్నా పేరుపడ్డ ప్రకటన ఇది. 1999లో అమెరికాలోని ప్రకటనల రంగపు పత్రిక 'అడ్వర్టైజింగ్ ఏజ్' ఇరవయ్యో శతాబ్దపు గొప్ప ప్రచారాలను ఏరినప్పుడు మొదటి స్థానం ఈ వరుసకే ఇచ్చింది. ప్రకటనల పాఠాలు చెప్పే ప్రతిచోటా దీన్ని తెరమీద చూపిస్తారు. చూపించి, 'ఎంత సింపుల్‌గా ఉందో చూడండి' అని ఒక ముక్క అనేసి తరవాతి దానికి పోతారు. ఆ ఒక్క ముక్కతో సరిపెట్టడం దీనికి అన్యాయం. ఈ ప్రకటనలు దేనికి ఎదురు నిలబడ్డాయో చూస్తేనే వీటి పనితనం పూర్తిగా తెలుస్తుంది. నడుస్తున్న వస్తువును పాతబడిందని పారేయించి కొత్తది కొనిపించే అలవాటు అమెరికాలో ప్రకటనల పాలు తాగే పెరిగింది. ఆ ప్రకటనల పేజీల్లోనే, ఆ అలవాటును ఎద్దేవా చేస్తూ, సరుకు కూడా అమ్మి చూపించారు వీళ్లు.

ముందు అమెరికన్ కార్ల నగరం డెట్రాయిట్ సంగతి. హెన్రీ ఫోర్డ్ మోడల్ టి కారు 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైంది. దాదాపు అదే రూపం, అదే తీరు. 1920ల నాటికి జనరల్ మోటార్స్ అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్‌కి ఒక చిక్కు వచ్చిపడింది. కారు కొనగలిగినవాళ్లలో చాలామంది కొనేశారు. కొన్నది నడుస్తూనే ఉంది. ఇంక ఎవరికి అమ్మాలి? ఉన్నవాడికే మళ్లీ అమ్మాలి. కారు బాగానే నడుస్తున్నవాడు ఇంకోటెందుకు కొంటాడు? తన కారును చూసుకుని తనే నామోషీ పడితే కొంటాడు. అలా పుట్టింది ఏటా మోడల్ మార్చే పద్ధతి. 1927లో కంపెనీలో 'ఆర్ట్ అండ్ కలర్' అని ఒక విభాగమే పెట్టి, హార్లీ ఎర్ల్ అనే డిజైనర్ చేతిలో పెట్టారు. లోపలి యంత్రం చాలావరకు పాతదే అయినా ఏటేటా పైరేకు కొత్తదవడం మొదలైంది. 'కొత్తొక వింత, పాతొక రోత' అని మనవాళ్లు మనిషి చాపల్యాన్ని దెప్పడానికి అన్నారు. డెట్రాయిట్ వాళ్లు దాన్నే వ్యాపార ప్రణాళికగా రాసుకున్నారు.

ఈ పద్ధతి ఎంతదాకా పోయిందో చూడాలంటే కాడిలాక్ కార్ల తోక చూడాలి. 1948లో వెనక రెండు చిన్న రెక్కలు మొలిచాయి. అవి పెరిగి పెరిగి 1959 మోడల్‌కి వచ్చేసరికి రాకెట్టు రెక్కలంత అయ్యాయి. వాటివల్ల కారు వేగంగా పోదు, పెట్రోలు మిగలదు. నిరుటి రెక్క పొట్టిదనీ, ఈ ఏటి రెక్క పొడుగనీ వీధిలో వాళ్లకి దూరం నుంచే తెలియడం ఒక్కటే వాటి ప్రయోజనం. ఎర్ల్ ఈ సంగతి దాచుకోలేదు కూడా. 1955లో ఆయన చెప్పిన లెక్క ప్రకారం 1934లో అమెరికన్ ఒక కారును సగటున అయిదేళ్లు ఉంచుకునేవాడు, ఇప్పుడది రెండేళ్లకి దిగింది, ఒక్క ఏడాదికి దిగిననాడు తమకు నూటికి నూరు మార్కులు. ఆ రోజుల్లోనే బ్రూక్స్ స్టీవెన్స్ అనే మరో డిజైనర్ ఉపన్యాసాల్లో ఈ సిద్ధాంతాన్ని బాహాటంగా ప్రచారం చేశాడు. అవసరం పుట్టకముందే కాస్త కొత్తది కావాలనే కోరిక పుట్టించడమే తమ వృత్తి అన్నది దాని సారాంశం. 1960లో వాన్స్ ప్యాకర్డ్ 'ది వేస్ట్ మేకర్స్' పుస్తకంలో దీన్నంతా ఉతికి ఆరేశాడు.

ఇక ఆ కార్ల ప్రకటనలు. 1959 నుంచి పాంటియాక్ కార్లకి బొమ్మలు వేసిన ఆర్ట్ ఫిట్జ్‌పాట్రిక్, వాన్ కౌఫ్‌మన్ జంట మహా ప్రతిభావంతులు. కారును ఉన్నదానికన్నా వెడల్పుగా, పొడుగ్గా సాగదీసి, వెనక సముద్రతీరమో సంపన్నుల విందో పెట్టి, రంగుల్లో ముంచి తేల్చేవారు. ఆ బొమ్మలు చూస్తే ఇప్పటికీ కన్ను తిప్పుకోలేం. కానీ అందులో కారు గురించి తెలిసేది ఏమీ లేదు. తెలిసేదల్లా దాని పక్కన మన బతుకు ఎంత వెలవెలబోతోందో.

ఇలాంటి పేజీలు తిరగేస్తున్న చేతికి హఠాత్తుగా ఆ తెల్ల పేజీ తగిలింది.

దాన్ని తయారుచేసిన ఇద్దరిలో హెల్మట్ క్రోన్ ఆర్ట్ డైరెక్టర్, జూలియన్ కోనిగ్ రచయిత. వాళ్లకి పైన బిల్ బర్న్‌బాక్. 1949లో ఏజెన్సీ పెట్టినప్పటి నుంచి బర్న్‌బాక్ పాటించిన పద్ధతి ఒకటుంది. రచయితనీ చిత్రకారుణ్నీ ఒకే గదిలో కూర్చోబెట్టడం. అంతకుముందు రచయిత మేటరు రాసి పంపితే పై అంతస్తులో ఇంకెవరో దానికి బొమ్మ తగిలించేవారు. ఒకే గదిలో కూర్చోవడం వల్ల బొమ్మ చెప్పింది అక్షరం మళ్లీ చెప్పదు, అక్షరం దాచింది బొమ్మ బయటపెడుతుంది. అమ్మాల్సిన సరుకు మాత్రం మామూలుది కాదు. హిట్లర్ ముచ్చటపడి తలపెట్టిన కారు అది. యుద్ధం ముగిసి పద్నాలుగేళ్లే అయింది. బర్న్‌బాక్, కోనిగ్ ఇద్దరూ యూదులు. క్రోన్ తల్లిదండ్రులు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్లు. ఈ ముగ్గురూ కలిసి ఆ కారును అమెరికన్ల ఇంటి ముందు నిలబెట్టారు. అందుకు వాళ్లు కారు పుట్టుపూర్వోత్తరాలను కప్పిపుచ్చే అలంకారాలేవీ వెతకలేదు. జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో అది తయారయ్యే తీరు నుంచి వివరాలు పోగుచేసుకున్నారు.

ఇప్పుడు పేజీ కట్టిన తీరు కాస్త దగ్గరగా చూద్దాం. పైన పెద్ద ఫొటో, కింద శీర్షిక, దాని కింద మూడు కాలమ్‌ల మేటరు. ఈ అమరిక క్రోన్ కనిపెట్టింది కాదు, అప్పటికే అరిగిపోయిన మూస. అతను మూసను ముట్టుకోకుండా లోపలిదంతా మార్చాడు. అక్షరాలకి తోకలూ కొనలూ ఉన్న సంప్రదాయపు టైపు తీసేసి, ఫ్యూచురా అనే నున్నటి జర్మన్ టైపు పెట్టాడు. శీర్షికకి ఫుల్‌స్టాప్ పెట్టాడు. అప్పట్లో శీర్షిక చివర ఆశ్చర్యార్థకం ఉండేది, లేకపోతే ఏమీ ఉండేది కాదు. ఫుల్‌స్టాప్ పెట్టేసరికి అది కేక వెయ్యడం మానేసి మాట్లాడింది. చెప్పాల్సింది చెప్పి, ఇక నీ ఇష్టం అన్నట్టు ఆగిపోయింది.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది పేరాల చివరలు. అచ్చుపని తెలిసినవాళ్లకి పేరా చివర ఒక్క మాట ఒంటరిగా మిగలడం కంట్లో నలుసు. మన డీటీపీ ఆపరేటర్లు కూడా అక్షరాల ఎడం సవరించి ఆ మాటను పై లైన్లోకి లాగేస్తారు. క్రోన్ అలాంటి ఒంటరి మాటల్ని కావాలని మిగల్చాడు. ప్రతి రెండు మూడు లైన్లకీ ఒక పేరా విరిగి, పక్కన తెల్లటి జాగా. మేటరంతా ఇస్త్రీ చేసిన దిమ్మలా కాకుండా, ఒక మనిషి ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ మాట్లాడుతున్నట్టు కనబడుతుంది. చదవకముందే కంటికి ఆ గొంతు వినిపించేస్తుంది.

ఆ గొంతు కోనిగ్‌ది. మేటరు మొదలవడమే, మా చిన్న కారు ఇప్పుడు వింతేమీ కాదు అని ఒప్పుకోవడంతో మొదలవుతుంది. కాలేజీ కుర్రాళ్లు డజన్లకొద్దీ అందులో కుక్కుకుని కూర్చునే సరదా తీరిపోయింది, దాని ఆకారం చూసి ఎవరూ నోళ్లు తెరవడం లేదు అంటుంది. ఆ తరవాత లెక్కలు. గ్యాలన్‌కి 32 మైళ్లు, అంటే మన లెక్కలో లీటరుకి పదమూడున్నర కిలోమీటర్లు. ఆయిల్ అయిదు క్వార్టుల బదులు అయిదు పైంట్లు, అంటే సగం. ఒక్క సెట్టు టైర్లతో 40,000 మైళ్లు. గాలితో చల్లబడే ఇంజిన్ గనక చలికాలంలో యాంటీఫ్రీజ్ పొయ్యక్కర్లేదు. ఈ లెక్కలు చెప్పిన పద్ధతి చూడండి. 'అద్భుతం' అనలేదు. వీటికి అలవాటు పడితే ఇక వీటి సంగతే గుర్తుకురాదన్నాడు. ఎప్పుడో చిన్న జాగాలో బండి పెట్టినప్పుడో, చిన్న ఇన్సూరెన్స్ కట్టినప్పుడో, చిన్న రిపేరు బిల్లు ఇచ్చినప్పుడో తప్ప. 'చిన్న' అన్న మాట ఒక్కొక్క వాక్యంలో ఒక్కొక్క రూపాయి మిగిల్చినట్టు వచ్చి వాలుతుంది. పక్క పేజీలో 'పెద్ద' అన్న మాటకి రెక్కలు తొడుగుతున్న రోజుల్లో!

ఇదే వరుసలోని మరో ప్రకటనలో మడ్‌గార్డ్ ధర 21 డాలర్ల 75 సెంట్లని మేటరులోనే అచ్చేశారు. బీటిల్ మడ్‌గార్డ్‌లు బోల్టులతో బిగించినవి, సొట్ట పడితే దాన్నొక్కదాన్నే విప్పి మార్చుకోవచ్చు. కొత్త కారు అమ్మే ప్రకటనలో రిపేరు ఖర్చు రాయడం! పెళ్లిచూపుల్లో పిల్లవాడి జలుబు సంగతి ముందే చెప్పడం లాంటిది. వస్తువు పాడవుతుంది, బాగు చేయించుకుంటారు, మళ్లీ వాడుకుంటారు అని ఒప్పుకునే ప్రకటన ఇవాళ్టి ఫోన్ల పేజీల్లో ఎక్కడైనా ఉందేమో చూడండి.

కోనిగ్ 1960లోనే వెళ్లిపోయి సొంత ఏజెన్సీలో భాగస్థుడయ్యాడు. తరవాత వచ్చిన రచయితలు ఆ గొంతును చెడగొట్టకుండా పదేళ్లు నడిపారు. ఏటా మోడల్ మార్చడం మీద సూటిగా దెబ్బ వేసినవి ఆ రోజుల్లోవే. 1951 నుంచి 1961 దాకా సంవత్సరాలన్నీ వరసగా రాసి, చివర ఫోక్స్‌వ్యాగన్ అని పెట్టిన శీర్షిక ఒకటి. మోటారు షోలో కొత్త మోడల్ మీద వేసినట్టు లైట్లన్నీ వేసి, ఆ వెలుగులో అదే పాత కారును నిలబెట్టారు. మరోదానిలో ఫొటో ఉండాల్సిన చోట ఏమీ లేదు, తెల్లటి కాగితం. '62 మోడల్ చూపించి లాభం లేదు, అలాగే ఉంది అని కింద శీర్షిక. పేజీకి డబ్బు కట్టి ఆ పేజీని ఖాళీగా వదిలేయడానికి ఏజెన్సీకి తెగువ ఉండాలి, ఒప్పుకోవడానికి కంపెనీకి అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఇంకొకదానిలో ఒక కోడిగుడ్డు, దాని మీద బీటిల్ గీతలు. కొన్ని ఆకారాలకు మెరుగులు దిద్దడం కష్టం అన్నది భావం.

ఇదంతా మాటల గారడీ అనడానికి వీల్లేదు. బీటిల్ నిజానికి మారుతూనే వచ్చింది. వెనక అద్దం మొదట్లో రెండు ముక్కలుగా ఉండేది. 1953లో ఒకే కోలటి అద్దమైంది. 1958 మోడల్‌లో ఇంకా పెద్దదైంది. వెనక వచ్చే బండి బాగా కనబడాలని చేసిన మార్పులివి. పక్కింటివాడి కంట్లో పడాలని చేసిన మార్పు, వాడుకునేవాడికి పనికొచ్చే మార్పు వేరువేరని పాఠకుడికి తెలియజెప్పడమే ఈ ప్రకటనల్లోని అసలు సరుకు.

1960 నాటి 'లెమన్' ప్రకటన గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నిగనిగలాడే కారు ఫొటో, కింద ఒకే మాట, నిమ్మకాయ అని. మనం కొత్త బండి కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అమెరికాలో బండినే నిమ్మకాయ అన్నారంటే అది కొన్న రోజు నుంచి సతాయించే డొక్కు బండి. ఏ కంపెనీ అయినా తన కారు బొమ్మ కింద తనే ఆ తిట్టు అచ్చేసుకుంటుందా? చదివితే తెలుస్తుంది. ఈ కారును ఫ్యాక్టరీలోనే ఆపేశారు, ఎందుకంటే గ్లవ్‌బాక్స్ మీది క్రోమ్ పట్టీకి మచ్చ ఉంది. మనం చూసినా పట్టుకోలేని మచ్చ. కర్ట్ క్రోనర్ అనే ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నాడు. వోల్ఫ్స్‌బర్గ్‌లో తనిఖీయే పనిగా ఉన్నవాళ్లు 3,389 మంది. రోజుకి తయారయ్యే కార్లు 3,000. కార్లకన్నా తనిఖీదార్లే ఎక్కువ అని బ్రాకెట్లలో ఒక చిన్న ముక్క. 189 చోట్ల పరీక్ష, యాభై కార్లలో ఒకటి తిరస్కారం. ఇన్ని అంకెలున్నా ఎక్కడా గొప్పలు చెప్పినట్టుండదు, ఒక ఉద్యోగి తన పని గురించి చెబుతున్నట్టుంటుంది. మొదట ఈ మేటరుకి అనుకున్న శీర్షిక 'ఈ ఫోక్స్‌వ్యాగన్‌కి ఓడ తప్పిపోయింది' అనే అర్థం వచ్చే వాక్యం. దాన్ని మేటరు మొదటి వాక్యంగా దింపేసి, శీర్షికగా ఆ ఒక్క మాట పెట్టమని సూచించింది అదే ఏజెన్సీలో రచయిత్రి రీటా సెల్డెన్. చరిత్ర చెప్పేటప్పుడు మగవాళ్ల పేర్లే వినబడతాయి గనక ఆమె పేరు ఇక్కడ చెప్పాలి. మేటరు ముగింపులోని మాట, ఇంత పట్టింపు వల్ల ఈ కారు ఎక్కువకాలం మన్నుతుంది, పాతదాన్ని అమ్ముకున్నా ధర ఎక్కువ తగ్గదు అని.

టీవీ ప్రకటనల్లో నాకు అన్నిటినీ మించిందనిపించేది 1969 నాటి శవయాత్ర. ఒకదాని వెనక ఒకటిగా పొడవాటి నల్ల కార్లు. పోయిన కోటీశ్వరుడు తన వీలునామా తనే చదువుతుంటాడు. రేపన్నది లేనట్టు ఖర్చుపెట్టిన భార్యకి వంద డాలర్లూ ఒక క్యాలెండరూ. ఇచ్చిన చిల్లరంతా ఖరీదైన కార్ల మీదా షికార్ల మీదా తగలేసిన కొడుకులకి యాభై డాలర్లు, అదీ చిల్లరగానే. ఖర్చు, ఖర్చు, ఖర్చు అని జపం చేసే వ్యాపార భాగస్థుడికి సున్నా, సున్నా, సున్నా. ఒక్కొక్కరి పేరు వచ్చినప్పుడు ఆ కారులో వాళ్ల మొహం కనబడుతుంది. చిట్టచివర, అన్ని కార్ల వెనకాల, చిన్న బీటిల్‌లో కళ్లు తుడుచుకుంటున్న మేనల్లుడు. పైసా మిగిల్చితే పైసా సంపాదించినట్టే అనేవాడట. ఆస్తంతా వాడికి. కాపీనం మీద ఇంత కమ్మటి జోకు ఒక్క నిమిషంలో చెప్పడం, అందులో కారును చివరి క్షణాల దాకా దాచి ఉంచడం చెయ్యి తిరిగినవాళ్లకే సాధ్యం.

ఇంత మెచ్చుకున్నాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇవీ కార్లు అమ్మడానికి వేసినవే కదా? అవును. 1968లో అమెరికాలో నాలుగు లక్షలకు పైగా బీటిల్‌లు అమ్ముడుపోయాయి. 1972 ఫిబ్రవరి 17న, మొత్తం తయారైన కార్ల లెక్కలో, బీటిల్ మోడల్ టి రికార్డును దాటేసింది. థామస్ ఫ్రాంక్ 1997లో రాసిన 'ది కాంక్వెస్ట్ ఆఫ్ కూల్'లో, కొనుగోళ్ల సంస్కృతి మీద జనానికి పుట్టిన విసుగును కూడా సరుకుగా మార్చి అమ్మడం ఈ ప్రకటనలతోనే ఊపందుకుందని వాదించాడు. ఆ వాదనకు నేను సగమే ఒప్పుకుంటాను. 'థింక్ స్మాల్' మేటరు చివరి పేరా మళ్లీ చూడండి. చిన్న జాగా, చిన్న ఇన్సూరెన్స్, చిన్న రిపేరు బిల్లు, వాటి తరవాత ఇంకోటుంది: మీ పాత ఫోక్స్‌వ్యాగన్ ఇచ్చి కొత్తది తీసుకున్నప్పుడు. అంత నిగ్రహంగా రాసిన కలం కూడా అక్కడ కాస్త తొణికింది. అంతవరకు ఫ్రాంక్ మాట నిజం. అయితే నీ దగ్గరున్నది చాలదు, నువ్వు చాలవు అని ఈ ప్రకటనలు ఎక్కడా అనలేదు. కొనకముందు అడగాల్సిన ప్రశ్నలు ఏమిటో కొనేవాడికి నేర్పాయి. ఎంత తాగుతుంది, ఎన్నాళ్లు మన్నుతుంది, విరిగితే ఎంతవుతుంది. ఈ ప్రశ్నలు నేర్చుకున్నవాడు రేపు ఫోక్స్‌వ్యాగన్‌నీ అవే అడుగుతాడు.

మారకపోవడమే గొప్పని కూడా అనలేం. మన అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 దాకా దాదాపు ఒకే ఆకారంతో నడిచింది. లైసెన్సుల రాజ్యంలో పోటీ లేక మారలేదు, కొనేవాడికి వేరే గతి లేక కొన్నాడు. 1983 చివర మారుతి వచ్చిందో లేదో ఆ సంగతి బయటపడింది. బీటిల్ విషయంలోనూ ఆ ఆకారం వెనక లోపాలు దాక్కున్నాయని 1972లో అమెరికాలోని సెంటర్ ఫర్ ఆటో సేఫ్టీ ఒక పుస్తకమే వేసింది.

తెల్ల జాగా, చిన్న శీర్షిక, ఫుల్‌స్టాప్ ఇవాళ ఎవరైనా వాడగలరు, అందరూ వాడుతున్నారు కూడా. 2011 నవంబర్ 25న, అమెరికాలో కొనుగోళ్ల పండగ రోజున, పటగోనియా అనే బట్టల కంపెనీ న్యూయార్క్ టైమ్స్‌లో తన జాకెట్ బొమ్మ వేసి దీన్ని కొనకండి అని ప్రకటించింది. కింద దానికి 135 లీటర్ల నీళ్లు ఖర్చయ్యాయని లెక్క చెప్పింది, చిరిగితే మేం బాగుచేస్తాం అంది. అది క్రోన్, కోనిగ్‌ల సొంత వారసత్వం, ఎందుకంటే అందులోనూ అంకెలున్నాయి, రిపేరు మాటుంది. ఫోక్స్‌వ్యాగన్ మాత్రం ఆ వారసత్వం అందుకోలేదు. 2010 సెప్టెంబర్ 21న ఆ కంపెనీయే వెంటో కారు కోసం మన దేశంలోని పెద్ద నగరాల ఇంగ్లిష్ దినపత్రికల్లో మాట్లాడే ప్రకటన వేయించింది. పేజీ తిప్పగానే వెలుతురు తగిలి, కాగితానికి అంటించిన చిప్ కారును పొగడడం మొదలుపెట్టేది. పేపర్ మూస్తేగాని నోరు మూసేది కాదు. లక్షల కాపీలకి లక్షల చిప్‌లు. మర్నాటికి అవన్నీ పాత పేపర్ల దొంతరలోకి చేరాయి. ఆ రోజు పేపర్ కొన్నవాళ్లని అడిగితే అది గోల చేసిందని చెబుతారు, కారు మైలేజీ ఎంతని చెప్పిందో మాత్రం ఎవరూ చెప్పలేరు.